మినహాయించిన ఒక కేసు

సైప్రస్ దీవిలో డాక్టర్ ద్రోసూలాని అందరూ సున్నా డాక్టరు అనేవారు. ఎగతాళికి కాదు, గౌరవంగానే. పెళ్ళికి ముందు ఆవిడ దగ్గర రక్తపరీక్ష చేయించుకుని, ఫరవాలేదు అనిపించుకున్న జంటలకి తలసీమియా పిల్లలు ఎంతమంది పుట్టారని ఎవరడిగినా ఆవిడ జవాబు ఒకటే: సున్నా. జెనీవాలో అడిగారు, సార్డీనియాలో అడిగారు, ఏథెన్సులో అయితే నమ్మలేక రెండుసార్లు అడిగారు. ముప్ఫయ్యేళ్ళపాటు ఆవిడ ఎక్కిన విమానాలూ, కప్పుకున్న శాలువలూ, గోడకి తగిలించుకున్న పతకాలూ అన్నీ ఆ సున్నా పెట్టిన భిక్షే.

ఆ సున్నా అబద్ధం. ఆవిడకి ఆ సంగతి చాలాకాలం తెలియదు. తెలుసుకునే అవకాశం ఒక్కసారి ఇంటికొచ్చి తలుపు తడితే, ఆవిడే పొమ్మంది.

ఆవిడ లండన్లో చదువు ముగించుకుని నికోసియాకి తిరిగొచ్చేసరికి దీవిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఆ జన్యువు ఉంది. ఒక్కరికే ఉంటే ఏమీ కాదు, వందేళ్ళు బతకొచ్చు. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ ఉంటేనే చిక్కు. నలుగురు బిడ్డల్లో ఒకరు నెత్తురు పట్టని ఒంటితో పుడతారు, రెండు వారాలకోసారి ఎవరో దానం చేసిన నెత్తురు ఎక్కించుకుంటూ బతకాలి. ఊళ్ళలో ఆ జన్యువుని మచ్చ అనేవారు. ఫలానా వాళ్ళింట్లో మచ్చ ఉందట అని ఒక్కమాట పొక్కితే ఆ ఇంటి ఆడపిల్లలందరికీ సంబంధాలు తప్పిపోయేవి.

ఆ భయాన్ని ఎదుర్కోవడంలోనే ద్రోసూలా తెలివంతా కనిపించింది. పరీక్ష చేయించుకున్నట్టు కాగితం తెస్తేనే పెళ్ళి జరిపిస్తామని చర్చి పెద్దలు ఒప్పుకున్నారు. ఆ కాగితంలో ఫలితం ఉండకూడదని ఆవిడ పట్టుబట్టింది. పరీక్ష అయింది, చెప్పవలసింది చెప్పాం, అంతే. ఎవరి ఫలితం వాళ్ళ చెవికే. ఒకరు అడిగారని ఇంకొకరి రక్తం తీయకూడదు. వచ్చినవాళ్ళని గుర్తింపు కార్డులు అడక్కూడదు, అడిగితే పోలీసు స్టేషన్ అనుకుని పారిపోతారు. ఈ మూడు నియమాలూ ఆవిడవే.

మూడోది ల్యాబులో రక్తం తీసే ఎలెంగుకి నచ్చలేదు. ఆవిడ ద్రోసూలాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దది, మొహమాటం తెలియని మనిషి.

"ఎవడో వచ్చి ఇంకెవడి పేరో చెబితేనో?" అంది.

"తన పెళ్ళికి ఇంకొకడి రక్తం ఎవడు పంపిస్తాడు ఎలెంగూ! మరీ చోద్యం చెబుతావు."

"మగాళ్ళ సంగతి నీకేం తెలుసు, తల్లీ. నీకు సూక్ష్మదర్శినిలో కనబడేదే తెలుసు," అంది ఎలెంగు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఎనభై నాలుగు వసంతంలో మైదానంలోని ఒక ఊరినుంచి ఒక జంట పేర్లు రాయించుకుంది. పిల్ల మిలియా, ఇరవై ఒక్క ఏళ్ళది, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పిల్లవాడు లోయిజోస్, గొర్రెల మంద ఉన్నవాళ్ళ అబ్బాయి. విడివిడిగా వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళారు. మిలియాకి మచ్చ ఉంది, లోయిజోస్‌కి లేదు. ద్రోసూలా మిలియాని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకుంది, అయినా ఫరవాలేదు, నిక్షేపంగా చేసుకోవచ్చు అని చెప్పింది. మిలియా ఆవిడ చేయి అందుకుని ముద్దుపెట్టుకుంది. పెళ్ళికి పిలిస్తే ద్రోసూలా వెళ్ళింది. వెయ్యిమంది జనంలో వరుణ్ణి దూరం నుంచి చూసి, మా ల్యాబులో చేయి చాపింది ఇతనే కదా అనుకుంది. పెద్ద గుండిగలో గోధుమలూ మాంసమూ కలిపి వండిన పెళ్ళి భోజనం రెండుసార్లు వడ్డించుకుని తిని వచ్చింది.

రెండేళ్ళ తరవాత వాళ్ళ బిడ్డ స్తాలోని తీసుకొచ్చారు. తొమ్మిదినెలల పిల్ల. పెదవులకీ చెంపలకీ తేడా తెలియనంత తెల్లగా ఉంది, పొట్ట ఉబ్బింది. పరీక్ష చేయకుండానే ఎవరైనా చెప్పేస్తారు. అయినా ద్రోసూలా మూడుసార్లు చేసింది. తలసీమియానే. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపుల నుంచీ వస్తేగాని రాని జబ్బు.

శీతలపెట్టెలో దాచిన పాత గొట్టం బయటికి తీసింది. లోయిజోస్ అని ఎలెంగు చేతిరాత. అందులోని రక్తంలో మచ్చ లేదు, పోనీ అనుమానించడానికి చోటైనా లేదు.

"మళ్ళీ తీద్దాం. అబ్బాయి బయటే కూర్చున్నాడు," అంది ఎలెంగు.

ద్రోసూలాకి ఒళ్ళు మండింది. మళ్ళీ తీయడమంటే తన ల్యాబు తప్పు చేసిందని ఒప్పుకోవడం. పదిహేను రోజుల్లో జెనీవాలో చదవవలసిన పత్రం బల్లమీద ఉంది, అందులో సున్నా అని టైపు చేసి ఉంది. మనుషులు అబద్ధం చెబుతారుగాని గొట్టాలు చెప్పవని ఆవిడ గట్టి నమ్మకం. పెద్ద చదువు చదివినవాళ్ళకి ఇదొక తెగులు, తమ చేతిలో ఉన్న వస్తువుని నమ్మినంతగా ఎదురుగా ఉన్న మనిషిని నమ్మరు.

"అక్కర్లేదు. లోపలికి పంపు," అంది.

లోయిజోస్ టోపీ చేత్తో నలుపుతూ వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. ఏదో చెప్పబోయాడు. ద్రోసూలా అతన్ని మాట్లాడనివ్వలేదు, జాలిగా భుజంమీద చేయి వేసి, నియమం ప్రకారం అతని ఫలితం అతనికే చెప్పింది.

"నీ రక్తంలో ఏ మచ్చా లేదు, నాయనా."

 అతను టోపీ పెట్టుకున్నాడు. ఆవిడ అనకుండా వదిలేసిన మాటేమిటో అతనికి అర్థమైంది. అతను వెళ్ళిపోయాక మిలియా వచ్చింది, బిడ్డని చంకన వేసుకుని.

"డాక్టరుగారూ, ఆయన రక్తం ఇంకోసారి తీయండి. నా ఎదురుగా తీయండి."

"అలా తీయకూడదమ్మా. ఒకరు అడిగితే ఇంకొకరి రక్తం తీయం."

"మరి నేనేం చేయను?"

"నిజం చెప్పు. ఈ గది దాటి పోదు. బిడ్డ తండ్రి ఎవరు?"

మిలియా ఏడవలేదు.

"ఆ మాట మా అత్త అంటుందని భయపడ్డాను. మీరంటారనుకోలేదు," అని లేచిపోయింది.

వారం తిరక్కుండా ఊరంతా పాకింది. చర్చి వాకిట్లో లోయిజోస్ ఒక్కటే మాట అన్నాడట: నాలో మచ్చ లేదని ఆ పెద్ద డాక్టరే చెప్పింది. ఇంకేం కావాలి, మిగతా కథ ఊరే అల్లుకుంది. అత్తవారు మిలియా కుట్టుమిషన్ వీధిలో పెట్టారు. ఆమె తండ్రి, ఆ ఊరి చెప్పుల పనివాడు, తలుపు తీయలేదు. నా కూతురు చచ్చిపోయిందని కాఫీ కొట్లో అందరి ముందూ అన్నాడు, అన్నమాట మీదే ఉండిపోయాడు. మిలియా బిడ్డతో నికోసియా వచ్చి ఒక గది తీసుకుని మళ్ళీ యూనిఫారాలు కుట్టుకుంది.

ద్రోసూలా జెనీవా వెళ్ళింది. పత్రం చివర, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చేర్చింది: పితృత్వం సందేహాస్పదం అయినందున ఒక కేసు మినహాయించబడినది. ఆ వాక్యం గురించి ఎవరూ ప్రశ్న వేయలేదు. సున్నా సున్నాగానే ఉండిపోయింది.

తరవాత ముప్ఫయి మూడేళ్ళు. నెత్తురు ఎక్కించే వార్డు ల్యాబు ఉన్న భవనంలోనే, కింది అంతస్తులో. రెండు వారాలకోసారి మిలియా కూతుర్ని తీసుకుని వచ్చేది, స్తాలో పెద్దదయ్యాక తోడు వచ్చేది. మెట్లమీద ఎదురుపడితే ద్రోసూలా తల ఊపేది. మిలియా చూసేది, తల ఊపేది కాదు. ద్రోసూలా దాన్ని తప్పు చేసినవాళ్ళ సిగ్గు అనుకునేది. పాపం, చదువులేని మనిషి అని ఒకటి రెండుసార్లు జాలి కూడా పడింది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఈ కథ చెబుతున్న నాకే ఆవిడమీద కోపం వస్తుంది.

ఆవిడ పదవి విడిచే సంవత్సరం, ల్యాబులో చిన్న శాస్త్రవేత్త రెవెక్కా ఒక ఫైలు పట్టుకొచ్చింది. పెళ్ళి కాగితానికి వచ్చిన ఫీవోస్ అనే కుర్రవాడికి మచ్చ ఉంది, తల్లిదండ్రుల పాత ఫైళ్ళు చూస్తే ఇద్దరికీ లేదు. తండ్రి పేరు లోయిజోస్. మిలియా వెళ్ళిపోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు కొత్తగా రక్తం ఇవ్వలేదు, పాత పరీక్ష ఉందిగా అని దాంతోనే కాగితం ఇచ్చేశారు.

"ఈ లోయిజోస్ నుదుట ఏం రాసిపెట్టి ఉందోగాని డాక్టర్, ఇద్దరు పెళ్ళాలూ ఒకేలాంటివాళ్ళు దొరికారు!" అని రెవెక్కా నవ్వింది.

ద్రోసూలా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరూ తప్పు చేశారు. ఒక్క గొట్టం మాత్రం నిజం చెప్పింది. ఇలాంటి లెక్క ఏ విద్యార్థి అయినా తెస్తే కాగితం మొహాన కొట్టి పంపేది.

పాత గొట్టం తీసింది. ఎవరి అనుమతీ అడక్కుండా దాన్ని స్తాలో రక్తంతోనూ ఫీవోస్ రక్తంతోనూ పోల్చి చూసింది. ముప్ఫయ్యేళ్ళ క్రితం ఇలా పోల్చే పద్ధతి లేదు. కాని ముప్ఫయ్యేళ్ళ క్రితం బయట బెంచీమీద మనిషి ఉన్నాడు, సూది ఉంది. ఫలితం మూడోరోజు వచ్చింది. స్తాలో, ఫీవోస్ ఒకే తండ్రి బిడ్డలు. ఆ గొట్టంలోని మనిషి ఇద్దరికీ తండ్రి కాదు, తండ్రికి తోడబుట్టినవాడు. లోయిజోస్‌కి ఒక్కడే అన్న, హంబీస్. అతను మెల్‌బోర్న్‌లో చనిపోయి ఆరేళ్ళయింది.

 ఎలెంగు ఉంటే ఏమనేదో, ఆవిడా లేదు. కింది వార్డుకి వెళ్ళింది. స్తాలో సంచీ నెత్తురు ఎక్కించుకుంటూ ఫోను చూసుకుంటోంది. మిలియా వరండాలో కూర్చుని గుండీలు కుడుతోంది. ద్రోసూలా పక్కన కూర్చుని చెప్పేసింది. ఆ రక్తం లోయిజోస్‌ది కాదు. అతని అన్న హంబీస్‌ది. స్తాలో లోయిజోస్ కూతురే.

మిలియా సూది ఆపలేదు.

"నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"నా బిడ్డ ఎవరికి పుట్టిందో నాకు తెలియదా? తెలియంది మీకు." దారం పళ్ళతో తెంపింది. "మీ డాక్టర్ల పుస్తకంలో నా గురించి రాశారటగా. ఏమని రాశారు?"

ద్రోసూలా ఆ వాక్యం చెప్పింది. మిలియా అర్థం అడిగింది, చెప్పించుకుంది.

"అందులో నీ పేరు లేదు మిలియా," అంది ద్రోసూలా.

"ఊళ్ళో కూడా నా పేరు అనేవారు కాదు. 'అది' అని అనేవారు." కుడుతున్న చొక్కా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "మా నాన్నకి తొంభై ఒకటి. చెవులు సరిగా వినపడవుగాని మతి ఉంది. ఈ ముప్ఫయి మూడేళ్ళలో నా మొహం చూడలేదు. స్తాలో మొహం అసలు చూడలేదు. మీరు ఊరికి రండి. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, తప్పు నీ కూతురిది కాదు, నాది అనండి. నేను చెబితే నమ్మడు. మీరు చెబితే నమ్ముతాడు. అప్పుడు మీరు చెప్పిందే కదా నమ్మాడు. నాకింకేం వద్దు."

"వస్తాను," అంది ద్రోసూలా. ఆ క్షణంలో నిజంగానే అంది.

ఆ సాయంత్రం సంస్థ వకీలుతో మాట్లాడింది. ఒక మనిషి రక్తం సంగతి అతని ఒప్పుదల లేకుండా బయటపెడితే నేరం, మీరు రాయించిన నియమమే కదా డాక్టర్ అన్నాడతను. సరే, ఒప్పుదల తీసుకుందామని ద్రోసూలా లోయిజోస్ హలూమి జున్ను తయారుచేసే చోటికి వెళ్ళింది. లోయిజోస్ ఇప్పుడు చర్చి కమిటీ పెద్ద. రబ్బరు బూట్లు వేసుకుని, కాగుతున్న పాలతొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిణ్ణి చూసి పనివాళ్ళని బయటికి పంపేశాడు.

"మా ఫీవోస్ సంగతేనా?"

"మీ అన్న సంగతి."

అతను కాదనలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"సైన్యంలో ఉండగానే చెప్పారు నాకు మచ్చ ఉందని. మిలియా వాళ్ళమ్మకి ఉందని ఊరందరికీ తెలుసు. పిల్లకీ ఉండే ఉంటుంది. ఇద్దరికీ ఉందంటే మా అమ్మ పెళ్ళి జరగనిస్తుందా? హంబీస్ అన్నాడు, ఒక్క సూది పోటేగా, నేనెళ్ళి ఇచ్చొస్తాను, నువ్వెళ్ళి సూటు కుట్టించుకో అని."

"ఇద్దరికీ ఉన్నా పెళ్ళి ఆపేవాళ్ళం కాదు. కడుపులో ఉండగానే బిడ్డకి పరీక్ష చేసేవాళ్ళం."

"అవి మీ పట్నం సంగతులు. మాకెవడు చెప్పాడు?"

"పోనీ, బిడ్డ పుట్టాక? అప్పుడెందుకు నోరు మూసుకున్నావు?"

లోయిజోస్ మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. "చెబుదామనే వచ్చాను, డాక్టర్. ఆ రోజు మీరు చేయి చాపమంటే చాపేవాణ్ణి. మీరు చాపమనలేదు. భుజం తట్టి, నీలో మచ్చ లేదన్నారు. అంత పెద్ద డాక్టరు లేదంటే, ఉందనడానికి నేనెవణ్ణి? పిరికివాణ్ణే. తలుపు మాత్రం మీరు తీశారు."

"ఇప్పుడు ఇవ్వు. చేయి చాపు. ఆ పిల్లకి న్యాయం చేద్దాం."

"నాకు భార్య ఉంది, కొడుకు పెళ్ళి ఉంది. ఒకరు అడిగితే ఇంకొకరి రక్తం తీయరుగా మీరు?" అన్నాడు. కాగుతున్న పాలవైపు తిరిగి, పనివాళ్ళని కేకేశాడు.

మిలియా తండ్రి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. ద్రోసూలా కారెక్కి పట్నానికి వచ్చేసింది. ఒప్పుదల లేదుగా అని తనకి తను చెప్పుకుంది. మిలియా తండ్రికి చెప్పడానికి లోయిజోస్ పేరెత్తక్కర్లేదు, తప్పు నాదే అంటే చాలు. ఆ సంగతి ఆవిడకి తట్టకపోలేదు. తట్టిన ప్రతిసారీ, ఆ ముసలాయన మొహం ఎలా చూడాలో తెలియక, ముందు వీడ్కోలు సభ కానీ అని పక్కకి పెట్టింది.

హోటల్లో జరిగిన ఆ సభకి బిషప్పు వచ్చాడు, మంత్రి వచ్చాడు, ఏథెన్సు నుంచి పెద్దలు వచ్చారు. వేదిక వెనక గోడమీద మనిషంత ఎత్తున సున్నా, నీలంరంగులో. ద్రోసూలా రాసుకొచ్చిన కాగితం మడిచి పెట్టేసి మాట్లాడింది.

"ఇది సున్నా కాదు. ఒకటి. నేనొక కేసు మినహాయించాను. తల్లి తప్పు చేసిందని అనుకున్నాను. ఆమె ఏ తప్పూ చేయలేదు. రక్తం మళ్ళీ తీయమని ఆమె నన్ను బతిమాలింది. గర్వంకొద్దీ తీయలేదు. తప్పు నాది."

చెబుతూ ఏడ్చింది. నిజమైన ఏడుపే, అందులో నాటకం లేదు.  తరవాత మంత్రి లేచాడు. ఆయన్ని చూసి బిషప్పు లేచాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, ఆపకుండా కొట్టింది. ఇదీ శాస్త్రవేత్తంటే, తన తప్పు తనే చెప్పుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది అని మంత్రి మైకులో అన్నాడు. మర్నాడు పత్రికలు ఆవిడ ఫోటో మొదటి పేజీలో వేశాయి. మిలియా పేరు ఎక్కడా లేదు. ద్రోసూలా చెప్పలేదు కనక ఉండడానికి వీల్లేదు.

ఆ పత్రిక పట్టుకుని ఆవిడ కింది వార్డుకి వెళ్ళింది. పత్రిక తీసుకెళ్ళకుండా ఉండవలసింది. గుండె తేలికపడ్డ మనిషికి ఎదుటివాళ్ళ బరువు కనబడదేమో.

"చెప్పేశాను మిలియా. అందరి ముందూ చెప్పేశాను. తప్పు నాదేనన్నాను."

మిలియా పత్రిక తీసుకుని ఫోటో చూసింది.

"ఏమన్నారు వాళ్ళు?"

ద్రోసూలా అబద్ధం చెప్పలేకపోయింది. "చప్పట్లు కొట్టారు."

"కూర్చునా, లేచి నిలబడా?"

"... లేచి నిలబడి."

మిలియా పత్రిక తిరిగి ఇచ్చేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిణ్ణి నువ్వు అంది.

"సున్నా అన్నప్పుడూ నీకే కొట్టారు. ఒకటి అన్నప్పుడూ నీకే కొట్టారు. నన్ను లంజ అన్నది ఊళ్ళో. నువ్వు ఏడ్చింది హోటల్లో. మా నాన్న ఆ హోటల్లో ఉన్నాడా?"

ద్రోసూలా పత్రిక మడిచింది.

"ఆదివారం ఊరికి వస్తావా, రావా? అది చెప్పు."

"ఈ ఆదివారం ఏథెన్సు వాళ్ళతో..." అని ద్రోసూలా మొదలుపెట్టి ఆగిపోయింది. మిలియా తల ఊపింది. ముప్ఫయి మూడేళ్ళలో ఆమె ఆవిడకి తల ఊపింది ఆ ఒక్కసారే. లోపల స్తాలోకి సంచీ అయిపోయినట్టుంది, నర్సు పిలిచింది. మిలియా కూతురి కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ ముసలాయన ఆ తరవాత పదకొండు నెలలు బతికాడు. నికోసియా నుంచి ఆ ఊరు నలభై నిమిషాల దారి. ద్రోసూలా వెళ్ళలేదు.